గరుకు కాగితం తాకని చోటు

కొరీన్ పొయ్యిలోని బూడిద తోడుతోంది. దుమ్ము లేవకుండా గరిటెను వంచి, రేకు బకెట్లోకి మెల్లగా జారవిడుస్తోంది. తండ్రి పోయి నాలుగు రోజులైనా ఆ ఇంట్లో ఏ పనీ ఆగలేదు. గిన్నెలు తోమి బోర్లించి ఉన్నాయి. చర్చి ఆడవాళ్ళు తెచ్చిపెట్టిన బంగాళాదుంపల వంటకాలు, ఉప్పు పట్టించిన పంది మాంసం మూతలు తియ్యకుండానే బల్ల మీద వరసగా ఉన్నాయి.

టామరాక్ కౌంటీ షెరీఫ్ ఆఫీసు డిటెక్టివ్ లెనోర్ హుడాక్ కుర్చీ అంచున కూర్చుని, ఆ పని అయ్యేదాకా ఆగుదామనుకుంది. బూడిద అయ్యాక పొయ్యి తలుపు తుడవడం మొదలైంది. ఇక ఆగి లాభం లేదని అడిగింది.

"మీ నాన్నగారు పడిపోయిన వేళకి మీరెక్కడున్నారు?"

"చెప్పాను కదండీ. కోళ్ళ దగ్గర."

"ఎంతసేపు?"

"కోళ్ళకి గడియారం ఉండదు." కొరీన్ తల ఎత్తలేదు. ఆ మాటలో వెటకారం లేదు, అలసట ఉంది.

ఆ ఇంటి పెద్ద ఆగస్ట్ స్టాఫర్‌కి ఎనభై దాటాయి. సోమవారం సాయంత్రం కలపడిపో నుంచి వచ్చిన అల్లుడు డ్వేన్, నేలమాళిగ మెట్ల కింద మెడ విరిగి పడి ఉన్న మామని చూశాడు. కాలు జారిందని అందరూ అనుకున్నారు. ఆ మెట్లు అలాంటివే. కానీ శవాన్ని పరీక్షించిన డాక్టర్ ఈ ఉదయం హుడాక్‌కి ఫోన్ చేశాడు. ముసలాయన కుడి కణత మీద చిన్న చిన్న చదరపు చుక్కలు వరసలుగా అచ్చు పడి ఉన్నాయట. మెట్టు అంచుకి చుక్కలుండవు. జారకుండా గళ్ళు చెక్కిన ఉక్కు రేకుకి ఉంటాయి. పాతకాలపు సైనిక రైఫిళ్ళ మడమకి, అంటే భుజానికి ఆనే చెక్క చివరకి, బిగించే రేకు అలాంటిదే. దెబ్బ ముందు తగిలింది, పడడం తరవాత.

పెన్సిల్వేనియా కొండల్లో పెరిగిన ఎవరికైనా ఆ మాట వినగానే స్టాఫర్ ఇంటి ముందుగది గోడకున్న రైఫిల్ గుర్తుకొస్తుంది. హుడాక్ వెంటనే బయల్దేరింది. ఆమె కొండెక్కేసరికి వాన మొదలైంది. నేలని తాకిన చినుకు తాకినట్టే గాజులా గడ్డకట్టే వాన. ఆమె కారు చివరి మలుపులో జారి కంచెకి ఆనుకుని ఆగిపోయింది. అంతకుముందే వచ్చిన ఇంకో కారు వాకిట్లో మంచుతొడుగు వేసుకుని నిలబడి ఉంది. అది గార్త్ విట్మర్‌ది.

విట్మర్ జిల్లా ప్రాసిక్యూటర్ దగ్గర డిటెక్టివ్. ఒకప్పుడు హుడాక్‌కి పై అధికారి. డాక్టర్ అతనికీ ఫోన్ చేసి ఉంటాడు. అరెస్టు వారెంటు సిద్ధం చేయించి మరీ వచ్చాడు. దాన్ని పట్టుకుని షెరీఫ్ మనుషులు కొండ కింద, మంచు కరగడానికి దారి మీద ఉప్పు చల్లే బండి వెనక నిలబడి ఉన్నారు. ఆ బండి దారి తెరిచేదాకా ఎవరూ పైకి రాలేరు, ఎవరూ కిందికి పోలేరు. ఇంట్లో ఉన్నది నలుగురు. కిటికీ అద్దాల మీద మంచు పేరుకుని బయట చెట్టేదో మనిషేదో తెలియడం లేదు.

హుడాక్ లేచి ముందుగదిలోకి వెళ్ళింది.

డ్వేన్ సోఫా మీద మోకాళ్ళు దగ్గరగా పెట్టుకుని కూర్చున్నాడు. భారీ మనిషి. సోఫా చిన్నదిగా ఉంది. విట్మర్ తలుపుకీ అతనికీ మధ్య కుర్చీ వేసుకుని కాలు మీద కాలేసుకుని ఉన్నాడు.

"కోళ్ళ సంగతి తేలిందా అమ్మాయ్?" అన్నాడు విట్మర్.

"లేదు సార్."

"తేలకపోయినా పర్లేదు. నాకు కావలసినవాడు ఇక్కడే ఉన్నాడు."

విట్మర్ లెక్క సూటిగా ఉంది. డ్వేన్‌కి పక్క ఊళ్ళో పెద్ద మిల్లులో పని దొరికింది. భార్యని తీసుకుని వెళ్ళిపోదామనుకున్నాడు. మామ తన కూతుర్ని కదలనివ్వలేదు. పోయిన వారం ఇద్దరూ అరుచుకోవడం పాలవాడు విన్నాడు. ఈ ఇంట్లో నేనైనా ఉండాలి, నువ్వైనా ఉండాలి అని డ్వేన్ అన్నాడట. అన్నావా అని విట్మర్ అడిగితే, అన్నానని డ్వేన్ ఒప్పుకున్నాడు. అలా అనడం అది మొదటిసారి కాదని కూడా తనే చెప్పాడు.

"ఇక అసలు సాక్షి అదిగో," అని విట్మర్ గోడ చూపించాడు.

పొయ్యి గూడు పైన రెండు కొయ్య మేకుల మీద ఆ రైఫిల్ ఉంది. మొదటి ప్రపంచయుద్ధం నాటిది. సైన్యం అమ్మేసిన సరుకులోంచి ఆగస్ట్ వయసులో ఉండగా కొన్నది. అలాంటివి అప్పట్లో ఊరికొకడు కొన్నాడు. కొన్న ప్రతివాడూ దాన్ని తనకి నచ్చినట్టు కోసి, గీకి, రంగేసి వేటకి తీసుకెళ్ళాడు. ఆగస్ట్ మాత్రం తాకనివ్వలేదు. అందుకే ఇప్పుడు దానికి విలువ. మూడు జిల్లాల నుంచి సేకరణ చేసేవాళ్ళు దాన్ని చూడడానికే వచ్చేవారు. వాళ్ళలో విట్మర్ ఒకడు.

హుడాక్ చేతి తొడుగులు వేసుకుని దాన్ని దింపి, తను తెచ్చిన కాగితం పరిచి దాని మీద పెట్టింది. దింపుతుండగానే అవిసె నూనె వాసన ముక్కుకి తగిలింది. పచ్చి వాసన. పాత రైఫిల్ చెక్క కాలంతో నల్లబడి, చేతుల చెమటకి మెరిసి ఉండాలి. ఇది లేత తేనెరంగులో ఉంది. చెక్క అంచులు గుండ్రంగా అరిగాయి. ఇనుము పక్కన చెక్క ఎత్తుగా ఉండాల్సిన చోట పల్లంగా ఉంది.

"చూశావా?" విట్మర్ గొంతులో నిజంగానే బాధ ఉంది. "ఎవరో గరుకు కాగితంతో ఆసాంతం గీకారు. గీకి నూనె పట్టించారు. మూడో వంతు ధర కూడా రాదిప్పుడు. ఆ నలుపు, ఆ గీతలు, ఎవడో సిపాయి పళ్ళతో కొరికిన గుర్తు, అవే దాని ప్రాణం. గీకితే మిగిలేది కర్ర, ఇనుము."

"ఎందుకు గీకారంటారు?"

"నెత్తురు. నూనె తాగిన చెక్కలోకి నెత్తురు దిగితే తుడిస్తే పోదు. మడమ రేకు తుడిచేశాడు, చెక్క గీకేశాడు. కానీ దాని విలువ తెలిసినవాడెవడూ ఆ పని చెయ్యడు. అవసరమైతే పొయ్యిలో పెట్టి కాలుస్తాడేమో గానీ గీకడు. ఈ ఇంట్లో ఆ విలువ తెలియనివాడు ఒక్కడే." గడ్డంతో డ్వేన్ వైపు చూపించాడు. "అలవాటు కూడా ఉంది. ఇంతకుముందు ఒకటి ఇలాగే చంపాడు."

డ్వేన్ మొదటిసారి తనంతట తను మాట్లాడాడు. "నేను గీకింది ఒక్కటే తుపాకీ. పెళ్ళైన కొత్తలో. దాని శిక్ష ఇప్పటికీ అనుభవిస్తున్నా."

ఆ కథ హుడాక్‌కి కూడా తెలుసు. కొరీన్ పెళ్ళికి ఆగస్ట్ తన రైఫిల్‌కి జతగా కొన్న రెండోదాన్ని అల్లుడికి కానుకిచ్చాడు. కలప పని తెలిసిన డ్వేన్, మామ సంతోషిస్తాడని, దాన్ని నున్నగా గీకి అద్దంలా వార్నిష్ వేసి తెచ్చి చూపించాడు. ముసలాయన ఆ పూట భోజనం ముట్టలేదు. ఆ తరవాత ఏటా థాంక్స్‌గివింగ్ విందుకి ఎవరొచ్చినా, టర్కీ కోడిని కొయ్యకముందు ఆ కథ చెప్పి అల్లుణ్ణి చూపించేవాడు. అందరూ నవ్వేవారు. డ్వేన్ కూడా నవ్వేవాడు.

"ఆ రెండోది ఎక్కడుంది?"

"వెనక వసారాలో. బూట్ల దగ్గర. అక్కడే పెట్టమన్నాడు."

"తీసుకురండి."

విట్మర్ అడ్డుపడ్డాడు. హంతకుడి చేతికి తుపాకీ ఇస్తావా అని మండిపడ్డాడు. గుండుని గొట్టంలోకి తోసే ఇనుప కడ్డీని ఎప్పుడో ఊడదీసి ఆగస్ట్ దాచేశాడని, అది వట్టి కర్రేనని డ్వేన్ చెప్పాడు. హుడాక్ కూడా వసారా గుమ్మం దాకా అతని వెంట వెళ్ళింది. అతను రైఫిల్‌ని నడిమిలో పట్టుకుని పార మోసుకొచ్చినట్టు తెచ్చాడు. చెయ్యి ఎక్కడ పడిందో, వేలు ఎక్కడ ఆనిందో అతనికి పట్టింపు లేదు.

ఆమె ముందు ఆగస్ట్ రైఫిల్ మడమ రేకు మరలు రెండూ తిప్పింది. రేకు ఊడి వచ్చింది. దాని కింద, గరుకు కాగితం చేరని చోట, చెక్క పోగుల్లో ముదురు గోధుమ రంగు చార దిగి ఉంది. విట్మర్ వంగి చూసి ఈల వేశాడు.

"ఇంకేం కావాలి? ఉప్పు బండి రానీ."

హుడాక్ రైఫిల్‌ని రెండో పక్కకి తిప్పింది. గోడకి ఆనుకుని ఉండే ఎడమ పక్క. తుపాకీ పేల్చే మీట వెనక చెక్క మీద చిన్న చదరపు గడిలో మూడు అక్షరాలు. సైన్యం తనిఖీ అధికారి కొట్టిన ముద్ర. దాని అంచులు నిన్న కొట్టినంత పదునుగా ఉన్నాయి. దాని చుట్టూ కొంచెం మేర పాత నలుపు అలాగే ఉంది. తేనెరంగు చెక్కలో చిన్న నల్లని ద్వీపంలా.

"ఇది చూశారా సార్?"

"చూడకేం. నేను ముందు చూసిందే అది. ముద్ర మిగిలింది, నయం. ఆ మేరకి ధర నిలుస్తుంది."

"మీరు దాన్ని ధరలాగే చూశారు. అది ఎందుకు మిగిలిందని చూడలేదు."

విట్మర్ కాలు మీద కాలు తీసేశాడు.

ఆమె రెండో రైఫిల్‌ని దాని పక్కన పెట్టింది. డ్వేన్ పెళ్ళికానుక. అందులో అదే చోట ఏమీ లేదు. వార్నిష్ కింద చెక్క నీటి మీద వెన్నెలలా నున్నగా ఉంది. ముద్ర ఉండేదన్న జాడ కూడా లేదు.

"గీకేవాడు ఇలా గీకుతాడు," అంది హుడాక్. "అంతా ఒక్కటే. అతనికి ముద్రా, మరకా ఒక్కటే. నెత్తురు పోగొట్టాలని హడావిడిలో ఉన్నవాడు ఇంకా గట్టిగా గీకుతాడు. మరి ఈ చేతులు ఇక్కడికొచ్చి ఎందుకు ఆగాయి? ప్రాణాల మీదికి వచ్చినా ఈ ముద్రని పాడు చెయ్యలేకపోయిన మనిషి ఈ పని చేశారు. విలువ తెలియనివాడు కాదు సార్. బాగా తెలిసినవాళ్ళు."

"ముద్ర వదిలేస్తే ధర నిలుస్తుందని ఇతనికి మామే చెప్పి ఉండొచ్చు. ఏటా అదే పాట కదా."

"ఉండొచ్చు."

"నీ లెక్కలో ఇక మిగిలింది నేనే. ఇలాంటివి నా ఇంట్లో ఇరవై ఉన్నాయి. నన్ను అరెస్టు చేస్తావా అమ్మాయ్?" విట్మర్ నవ్వాడు గానీ చెవులు ఎర్రబడ్డాయి. "స్టాఫర్ కూతురంటావా? ఏడేళ్ళ పిల్లప్పటినుంచి తండ్రి పక్కన కూర్చుని దీనికి నూనె పట్టించింది. ఆ పిల్ల దీన్ని గీకదు. ఆ చేతులు నేను చూశాను."

"మీరు చూశారు కనకే అడుగుతున్నా. సోమవారం పోయాడు. మంగళవారం ఇంట్లో ఎవరున్నారు?"

విట్మర్ డ్వేన్ వైపు తిరిగాడు. డ్వేన్ మెల్లగా తలెత్తాడు. మంగళవారం తను కలపడిపోకి వెళ్ళాడు. వెళ్ళమని కొరీనే అంది. చర్చి ఆడవాళ్ళు వస్తామంటే ఒంటరిగా ఉండాలనుంది, రేపు రండి అని ఫోన్‌లో చెప్పింది. సాయంత్రం తను వచ్చేసరికి ఇల్లంతా నూనె వాసన. నాన్న కుర్చీ తుడిచానంది. ఇవన్నీ డ్వేన్ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడూ చెప్పలేదు. అతనికేదో తెలుసని మాత్రం హుడాక్ అతని మొహంలో చదివింది. ఆ వాసన సంగతి అతనికి మంగళవారం నుంచీ తెలుసు. తెలిసీ ఈ సోఫా మీద కూర్చుని ఉన్నాడు.

ఆమె ముద్ర చుట్టూ మిగిలిన నల్లని మచ్చని మళ్ళీ చూసింది. అది చదరంగా లేదు. కోలగా ఉంది. ఒక వైపు సన్నం, ఒక వైపు వెడల్పు. తొడుగు వేసుకున్న తన ఎడమ బొటనవేలిని దాని పైన గాలిలో ఉంచింది. ఇంచుమించు సరిపోయింది. విట్మర్ వేలు కానీ డ్వేన్ వేలు కానీ అయితే బయటికి వచ్చేస్తుంది.

"కొరీన్," అని పిలిచింది.

వంటింట్లో కొళాయి ఆగింది. కొరీన్ చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. కాగితం మీద తండ్రి రైఫిల్‌ని చూసి, చూపు తిప్పుకుంది.

"ఇక్కడ చోటు చాలడం లేదు. ఆ రెండోదాన్ని కొంచెం కిటికీ దగ్గరి బల్ల మీద పెడతారా?"

అంతకన్నా చిన్న పని ఉండదు. కొరీన్ వచ్చి డ్వేన్ రైఫిల్‌ని తీసుకుంది. కుడిచెయ్యి గొట్టం కింద. ఎడమచెయ్యి మీట వెనక, అరచెయ్యి కింది నుంచి. ఆమె ఎడమ బొటనవేలు తనంతట తను పైకి పాకి, చెక్క ఎడమ పక్కన ఒక చోట పడుకుంది. అక్కడ ఏమీ లేదు. ఉత్త వార్నిష్. పద్దెనిమిదేళ్ళ కిందట డ్వేన్ గీకి పారేసిన ముద్ర ఉండాల్సిన చోటది.

ఆమె రెండడుగులు వేసింది. గదిలో ఎవరూ కదలకపోవడం గమనించి ఆగింది. అందరూ తన చేతినే చూస్తున్నారు. తనూ చూసుకుంది.

"అక్కడ ఎందుకు పట్టుకున్నారు?" హుడాక్ నెమ్మదిగా అడిగింది.

"అలాగే పట్టుకోవాలి." కొరీన్ గొంతు పాఠం అప్పజెబుతున్న పిల్ల గొంతులా ఉంది. "ముందు వేలితో ముద్ర మూసి, అప్పుడు గుడ్డ వెయ్యాలి. లేకపోతే రాపిడికి అంచులు అరిగిపోతాయి. నాన్న..."

అక్కడితో మాట నిలిచిపోయింది. వేలు మాత్రం తియ్యలేదు. తియ్యడం తన చేతిలో లేనట్టు అలాగే ఉండిపోయింది.

విట్మర్ లేచి నిలబడ్డాడు. అదే అలవాటున్న తన ఎడమచేతిని జేబులో పెట్టుకున్నాడు. హుడాక్ అతని వైపు చూడలేదు.

"ఏమైంది కొరీన్?"

మంచు బరువుకి బయట ఎక్కడో కొమ్మ విరిగిన చప్పుడు.

"ఆ రోజు నూనె రోజు," అంది కొరీన్. "వేట మొదలయ్యే ముందు ఏటా పట్టిస్తాం. నేలమాళిగ తలుపు దగ్గర వెలుతురు బాగుంటుందని నేను అక్కడే కూర్చునేదాన్ని, నాన్న పై మెట్టు మీద నిలబడి చూసేవాడు. నేను తుడిచాను. బాలేదన్నాడు. మళ్ళీ తుడిచాను. పొద్దున్నించీ అదే పని. డ్వేన్ సంగతి ఎత్తాను. ఇద్దరం వెళ్ళిపోతామన్నాను. వినిపించనట్టు ఊరుకున్నాడు. మళ్ళీ తుడవమన్నాడు." ఆమె ఒకసారి ఊపిరి తీసుకుంది. "తిరిగాను. చేతిలో అది ఉంది. నాన్నకి తగిలింది. కొట్టాలని తిరిగానో, ఇచ్చేద్దామని తిరిగానో నాకు తెలీదు. నిజంగా తెలీదండీ."

"మరి గీకడం?"

"నెత్తురు పోలేదు. ఎంత తుడిచినా పోలేదు. నాన్న చూస్తే ఏమంటాడోనని భయం వేసింది." తను అన్నది తనకే వింతగా తోచినట్టు ఆగింది. "పోయాక కూడా."

డ్వేన్ సోఫాలోంచి లేచాడు. రెండు చేతులూ ముందుకు చాపి, ఆమె దగ్గరికి వెళ్ళబోతున్నట్టు ఒక అడుగు వేశాడు. ఆ క్షణాన ఆమె కోసం అతను ఏదైనా చేస్తాడని హుడాక్‌కి అనిపించింది. వారెంటు మీద తన పేరే ఉండనిమ్మని అడిగినా అడుగుతాడు.

హుడాక్ అడగకుండా ఉంటే బాగుండేది. కానీ అది ఆమె పని. "ఇతన్ని తీసుకుపోవడానికి మనుషులు వస్తున్నారని మీకు తెలుసు. వచ్చినప్పటి నుంచీ విట్మర్ గారు గట్టిగానే చెబుతున్నారు. మీరు వంటింట్లో ఉన్నారు. ఒక్క మాట అనలేదు. ఎందుకని?"

కొరీన్ భర్త వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, ప్రేమ లేకపోలేదు. అబద్ధం ఆడే ఓపిక లేదు, అంతే.

"ఇల్లు ఖాళీగా ఉంటుందనుకున్నాను," అంది. "కొరీన్ అని ఎవరూ పిలవరనుకున్నాను. నాన్న, తరవాత డ్వేన్. ఒక్క రోజైనా ఈ ఇంట్లో నా పేరు వినపడకుండా కూర్చోవాలని ఉండేది. అతను వెళ్ళిపోతే అది అవుతుందనుకున్నాను."

డ్వేన్ చాపిన చేతులు కిందికి దిగాయి.

కొండ కింద ఎక్కడో ఉప్పు బండి మోత వినిపించింది. ఇంకా దూరంగానే ఉంది. విట్మర్ గొంతు సవరించుకుని, ఎవరూ ఇల్లు కదలడానికి వీల్లేదని అన్నాడు. అని, ఆ మాట ఇప్పుడు ఎవరికి వర్తిస్తుందో తెలియక హుడాక్ వైపు చూశాడు. ఆమె రైఫిల్ మీదికి కాగితం మడుస్తోంది.

డ్వేన్ గుమ్మం పక్కన మేకుకున్న కోటు తీసుకున్నాడు. తొడుక్కోలేదు. చేతి మీద వేసుకుని భార్యని ఒకసారి చూశాడు. ఆమె ఆ రైఫిల్‌ని ఇంకా అలాగే పట్టుకుని ఉంది. విట్మర్ పక్కకి తప్పుకున్నాడు, అతను తలుపు తీశాడు. చలి గదిలోకి వచ్చింది. గాజులా మెరుస్తున్న దారి మీద, పట్టుకోవడానికి ఏదీ లేని చోట కూడా జారకుండా, ఒక్కొక్క అడుగే వేసుకుంటూ కొండ కిందికి వెళ్ళిపోయాడు.